మొరాయించు చిన్న బండి – విచారణక్రమము



గ్రామమందలి పెద్దల యొద్దకు రెండు విధములగు తగవులు వచ్చుచుండును. ఒకటి మనుష్యుల తగవు, రెండవది యంత్రముల తగవు. పొలము గట్టు తగవు వచ్చినపుడు మనము ఉభయపక్షములవారిని పిలిపించి, ఒక్కొక్కరినే యడిగి, సాక్షుల మాట విని, పిమ్మట తీర్పు చెప్పుదుము. యంత్రము మొరాయించినపుడు మాత్రము మనకా యోపిక యుండదు. ఒకడు బ్యాటరీ పోయినదనును. ఇంకొకడు కార్బురేటరు మార్చవలెననును. మూడవవాడు ఇంజనే చెడినది, అయినకాడికి అమ్మివేయుడనును. విచారణ మొదలు కాకమునుపే తీర్పు వెలువడును. ఆ తీర్పునకు జుల్మానా చెల్లించువారు ఇంటి పెద్దలే.

కాబట్టి నేటి ప్రసంగమున నేనొక చిన్న బండి కదలక మొరాయించినపుడు దానిని ఏ క్రమమున విచారింపవలెనో విన్నవించుకొందును. నేను వృత్తిచే మెకానిక్కును కాను. చిన్న యింజనులతో చాలకాలము మెలగినవాడను. పనిముట్టు చేత పట్టుకొనకపోయినను, ఏ ప్రశ్నకు పిమ్మట ఏ ప్రశ్న అడుగవలెనో తెలిసిన పెద్దమనిషి ఒకడు దగ్గర నిలిచియున్నచో ఆ యింటి సొమ్ము నిలుచును, పిల్లల ప్రాణమును నిలుచును. నేను చెప్పదలచినది ఇంతమాత్రమే.

ముందుగా ఆ బండి యెట్టిదో చెప్పెదను. దారి లేని చోట్లను, ఇసుకలోను, బురదలోను, మెరక పల్లములలోను పోగల చిన్న వాహనము. దానికి బెలూనులవలె ఉబ్బిన నాలుగు వెడల్పు టైర్లుండును. ఎక్కువాడు గుఱ్ఱముపై వలె కాళ్లు ఇరుప్రక్కల వేసి కూర్చుండి, మోటారు సైకిలు వంటి హ్యాండిలు పట్టి నడుపును. ఇంగ్లీషున దీనిని ఆల్ టెరైన్ వెహికిల్ అనియు, పొడి యక్షరములతో ఏ.టి.వి. అనియు పిలుతురు. 1970లో జపాను దేశపు హోండా కంపెనీ అమెరికాలో అమ్మకమునకు పెట్టిన యు.ఎస్. 90 అను బండితో ఈ జాతికి ప్రసిద్ధి కలిగినది. దానికి మూడే చక్రములు. 1982లో సుజుకీ కంపెనీ క్వాడ్‌రన్నర్ అను నాలుగు చక్రముల బండిని తెచ్చెను. మూడు చక్రముల బండ్లు సులభముగ బోర్లపడి యనేకులు గాయపడుటచే, 1988లో అమెరికా ప్రభుత్వమునకును తయారీదారులకును జరిగిన యొడంబడికను బట్టి ఆ దేశమున వాని యమ్మకము నిలిచిపోయినది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములలో పశువుల మందలను కాయు రైతులకు ఇది నిత్యము పనికివచ్చు బండి. మనవైపున సముద్రపుటొడ్డున విహారమునకును, అక్కడక్కడ తోటలలోను కనబడుచున్నది. నేడు నేను చెప్పునది యీ జాతిలో చిన్నదానిని గూర్చి, అనగా 50 మొదలు 125 సి.సి. వరకు గల ఒంటి సిలిండరు పెట్రోలు ఇంజనును గూర్చి. ఈ బండి మీ యూర లేకపోవచ్చును. అయినను మోపెడునందును, కలుపు తీయు పెట్రోలు యంత్రమునందును, మందు చల్లు పవరు స్ప్రేయరునందును ఉన్నది ఇటువంటి చిన్న యింజనే. ఒకదాని విచారణ తెలిసినవానికి తక్కినవాని విచారణ కష్టము కాదు.

ఇంజను కదలుటకు ఏమేమి కావలెను? పొయ్యి రాజుటకు కట్టె, గాలి, నిప్పు కావలెనుగదా. ఇంజనునకును అంతే. కట్టెకు బదులు పెట్రోలు, నిప్పునకు బదులు ప్లగ్గు నుండి వచ్చు రవ్వ. గాలి యెప్పటి గాలియే. తూనికలో ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్లు గాలి కలిసినగాని అది పూర్తిగ మండదు. పొయ్యికి లేని నాలుగవది యొకటి యింజనునకు కావలెను. అది ఒత్తిడి. పిస్టను పైకి వచ్చి ఆ గాలిని, పెట్రోలు ఆవిరిని కలిపి బిగించి నొక్కవలెను. నొక్కిన పిమ్మట రవ్వ పడినచో మంటకు బలము వచ్చి పిస్టనును క్రిందికి త్రోయును. పెట్రోలు, గాలి, రవ్వ, ఒత్తిడి – ఈ నలుగురును సాక్షులు. నలుగురును సరియైన వేళకు హాజరైనచో ఇంజను కదలక తీరదు. కదలలేదనగా నలుగురిలో ఎవరో ఒకరు రాలేదన్నమాట. రానివారెవరో కనుగొనుటయే మన పని.

విచారణకు ముందు కొన్ని కట్టుబాట్లున్నవి. బండిని కొట్టము లోపల గాక ఆరుబయట చదునైన నేలపై నిలుపవలెను. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది మనిషికి తెలియకయే ప్రాణము తీయును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గనుక నేలబారున ప్రాకిపోయి దూరమున నున్న నిప్పును అందుకొనును. బీడీ, చుట్ట, దీపము దరికి రాకూడదు. చేతి బ్రేకు వేసి, గేరును న్యూట్రలులో నుంచి, పిల్లలను దూరముగ నిలుపవలెను. ఇంజను వేడిగ నున్నపుడు పెట్రోలు గొట్టములను విప్పరాదు.

ఇక మొదటి ప్రశ్న. స్టార్టరు బొత్తాము నొక్కినపుడు ఇంజను తిరుగుచున్నదా, లేదా? ఇంజను తిరుగుట వేరు, అందుకొనుట వేరు. తిరుగుట బ్యాటరీ పని, అందుకొనుట పెట్రోలు పని. ఈ రెంటిని ఒకటిగ తలచుటచేతనే సగము సొమ్ము వృథాయగుచున్నది. బొత్తాము నొక్కినను ఏ చప్పుడును లేనిచో కార్బురేటరు విప్పుట వలన ప్రయోజనమేమి? ఇంజను జోరుగ తిరుగుచుండగా క్రొత్త బ్యాటరీ కొనుట వలన లాభమేమి?

ఇంజను తిరుగనే తిరుగదనుకొందము. అప్పుడు పనిముట్టు తీయక మునుపు చేతితో చూడవలసినవి కొన్ని గలవు. హ్యాండిలుపై ఎఱ్ఱని ఆపు స్విచ్చి యొకటి యుండును. అది ఆపు వైపున నున్నదేమో చూడవలెను. పిల్లల బండ్లకు వెనుకవైపున సన్నని త్రాడు గల బిరడా యుండును. త్రాడు లాగినచో ఇంజను ఆగునట్లు దానిని అమర్చిరి. ఆ బిరడా స్థానమున లేనిచో కొన్ని బండ్లు తిరుగవు, కొన్ని తిరిగినను అందుకొనవు. కొన్నిటికి దూరమునుండి ఆపుటకు చిన్న రిమోటు కూడ నుండును. పిమ్మట బ్రేకు పిడి. అనేక బండ్లలో బ్రేకు గట్టిగ పట్టినగాని స్టార్టరు పనిచేయదు. గేరు న్యూట్రలులో నున్నట్లు పచ్చదీపము వెలుగుచున్నదా యని చూడవలెను. ఇవి లోపములు గావు. బండి తన యంతట తాను ముందునకు దూకకుండుటకు చేసిన కట్టుదిట్టములు. బండి పోయినదని బాధపడువారిలో కొందరి చిక్కు ఇంతటితోనే తీరిపోవును.

ఇవన్నియు సరిగ నున్నచో ఫ్యూజు చూడవలెను. లోపలి తీగ తెగియున్నచో అంతే బలము గల క్రొత్త ఫ్యూజు వేయవలెను. ఫ్యూజునకు బదులు రాగితీగ చుట్టువాడు బండికి నిప్పు పెట్టుటకు సిద్ధపడినవాడు. ఆ తరువాత బ్యాటరీ కొసలు. వానిపై తెల్లని గాని పచ్చని గాని బూజువంటి పొడి పేరుకొనియున్నచో విద్యుత్తు సరిగ ప్రవహింపదు. ముందు ఋణధ్రువపు తీగను, అనగా మైనసు గుర్తు గలదానిని విప్పి, పిదప ప్లసు తీగను విప్పి, రెండిటిని గీకి శుభ్రపరచవలెను. తిరిగి బిగించునపుడు ప్లసు ముందు, మైనసు వెనుక. వోల్టులు కొలుచు మీటరు ఉన్నచో మరింత మేలు. ఊరక యున్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగ నున్నపుడు 12.6 గాని యంతకు కొంచెము పైన గాని చూపును. 12 దగ్గర నున్నచో అది దాదాపు ఖాళీ. ఊరక యున్నపుడు బాగుగ చూపి, బొత్తాము నొక్కగనే 9 వోల్టులకు పడిపోయినచో బ్యాటరీ యొక్క సత్తువ పోయినదనవచ్చును.

బొత్తాము నొక్కినపుడు టక్కున ఒక చప్పుడు వచ్చి యూరకున్నచో, రిలే యను చిన్న పెట్టె తన పని తాను చేయుచున్నదని యర్థము. అప్పుడు బ్యాటరీని, తీగల బిగువును ముందు అనుమానింపవలెను. ఇక్కడ పడుచువారు చేయు సాహసము ఒకటి గలదు. స్క్రూడ్రైవరుతో ఆ రిలే మరలు రెండును కలిపి ఇంజనును త్రిప్పుదురు. అట్లు చేసినపుడు బ్రేకు, న్యూట్రలు అను కట్టుదిట్టములు రెండును దాటిపోయినట్లే. బండి గేరులో నున్నచో ఎదుటనున్నవానిపైకి దూకును. ఈ పనిని పెద్దలు కంటబడగనే వారింపవలెను.

ఇంకొక మాట. స్టార్టరును ఒకేసారి 5, 6 సెకండ్లకు మించి నొక్కరాదు. నొక్కిన పిమ్మట అర నిమిషమైనను విరామ మీయవలెను. విడువక నొక్కినచో చిన్న మోటారు మాడును, బ్యాటరీ సొమ్మసిల్లును. అటుపై మనము విచారించు లోపమునకు తోడు క్రొత్త లోపము రెండు వచ్చి చేరును.

ఇక ఇంజను బాగుగ తిరుగుచున్నది గాని అందుకొనుట లేదనుకొందము. అప్పుడు నలుగురు సాక్షులను వరుసగ పిలువవలెను. ముందు పెట్రోలు. ట్యాంకు మూత తీసి కంటితో చూడవలెను. ఉన్నదన్నవాని మాట నమ్మరాదు. ట్యాంకు క్రింది కుళాయి తెరచియున్నదా? చల్లని యింజనునకు చోకు వేసినారా? ఈ మూడును సరిగ నున్నచో కొన్ని మారులు ఇంజనును త్రిప్పి, పిమ్మట ప్లగ్గును విప్పి చూడవలెను. విప్పుటకు ముందు దాని చుట్టునున్న దుమ్మును ఊదివేయవలెను. లేనిచో ఆ యిసుక సిలిండరులో పడి గోడలను గీయును.

ప్లగ్గు కొనను జూచి చాలసంగతులు గ్రహింపవచ్చును. అది పొడిగ నున్నచో లోపలికి పెట్రోలు వచ్చుటలేదు. తడిసి పెట్రోలు వాసన కొట్టుచున్నచో పెట్రోలు వచ్చినది గాని రవ్వ పడలేదు, లేదా పెట్రోలు మితిమీరి వచ్చినది. నల్లని పొడి మసి పట్టియున్నచో గాలి చాలక పెట్రోలు ఎక్కువైనది. జిడ్డుగ నూనె పట్టియున్నచో ఇంజను నూనె ప్రక్కదారిని లోపలికి వచ్చుచున్నది. పొడి ప్లగ్గునకు ఒక దారి, తడి ప్లగ్గునకు ఒక దారి. ఈ రెండు దారుల కూడలియొద్ద నిలిచి చూచినవాడు దారి తప్పడు.

ప్లగ్గు పొడిగ నున్నదా? కార్బురేటరు అడుగున గిన్నె యొకటియు, ఆ గిన్నెకు నీరు విడుచు చిన్న మర యొకటియు ఉండును. క్రింద గాజుపాత్ర పట్టి ఆ మరను వదులు చేయవలెను. పెట్రోలు ధారగ వచ్చినచో ట్యాంకు నుండి గిన్నె వరకు దారి బాగుగనే యున్నది. అప్పుడు కార్బురేటరు లోపలి సన్నని రంధ్రము పూడియుండును. ఆ రంధ్రము గల ఇత్తడి ముక్కను జెట్టు అందురు. పెట్రోలు రానిచో కుళాయి, వడపోత, గొట్టము చూడవలెను. కొన్ని బండ్లలో ఇంజను పీల్చుటచే తెరచుకొను కుళాయి యుండును. దాని సన్న గొట్టము పగిలినను పెట్రోలు రాదు. గాజుపాత్రలో పట్టిన పెట్రోలును కొంతసేపు కదలించక యుంచి చూచినచో అడుగున నీటి బొట్లు కనబడవచ్చును. నీరు మండదుగదా.

ఇచ్చట మనకాలపు సంగతి యొకటి చెప్పవలెను. మన దేశమున పెట్రోలునందు ఇథనాలు అను సారాయిజాతి ద్రవమును కలుపుచున్నారు. 2022లో నూటికి 10 పాళ్లకు చేరిన యీ మిశ్రమము 2025 నాటికి 20 పాళ్లకు చేరినది. ఇథనాలునకు గాలిలోని తేమను పీల్చు గుణము గలదు. తేమ మితిమీరినపుడు నీరును ఇథనాలును కలిసి అడుగునకు దిగి వేరు పొరగ నిలుచును. నిత్యము తిరుగు మోటారు సైకిలులో పెట్రోలు నిలువ యుండదు గనుక ఈ చిక్కు తక్కువ. నెలల తరబడి మూలనుండు చిన్న బండిలోను, స్ప్రేయరులోను ఇది యెక్కువ. అదిగాక నిలువయున్న పెట్రోలులోని తేలిక యంశము ఆవిరియై పోవును. మిగిలినది జిగురై జెట్టును పూడ్చును. పంటకాలము గడచిన పిమ్మట మూలబెట్టిన యంత్రములు మరుసటి పంటకు మొరాయించుటకు ముఖ్యకారణము ఇదియే. జెట్టును విప్పి కార్బురేటరు కడుగు ద్రవముతో శుభ్రపరచినచో చాలును. ఇనుప సూదితో పొడిచినచో రంధ్రము పెద్దదగును. పిమ్మట ఇంజనుకు ఎన్నడును సరియైన పాళ్లలో పెట్రోలు అందదు.

ప్లగ్గు తడిసియున్నదా? అపుడు రవ్వను పరీక్షింపవలెను. ఇంకొక మంచి ప్లగ్గును తెచ్చి, తీగ టోపీలో నమర్చి, దాని ఇనుప మరభాగమును ఇంజను లోహమునకు గట్టిగ ఆనించి త్రిప్పవలెను. ప్లగ్గు విప్పిన రంధ్రమునకు దూరముగ ఈ పని జరుగవలెను. ఏలయనగా ఆ రంధ్రమునుండి పెట్రోలు ఆవిరి చిమ్మును. ప్లగ్గును వట్టి చేతితో పట్టుకొనరాదు, దానియందు వేలకొలది వోల్టులుండును. నీడన చూచినపుడు నీలముగ గట్టిగ రవ్వ పడినచో రవ్వ సాక్షి హాజరే. పాత ప్లగ్గునే మార్చి చూడవలెను, దాని ధర స్వల్పము. పసుపు రంగున సన్నగ పడినను, అసలు పడకున్నను, మరల ఆపు స్విచ్చిని, త్రాటి బిరడాను, తీగల ఎలుక కాట్లను చూచి, పిమ్మట కాయిలు మొదలగువానిని మెకానిక్కునకు వదలవలెను.

రవ్వ బాగుగ నుండి ప్లగ్గు తడిసియున్నచో ఇంజను పెట్రోలున మునిగినదన్నమాట. చోకు వేసి మరల మరల త్రిప్పుటచే ఇట్లగును. ప్లగ్గును తుడిచి ఆరబెట్టి బిగించి, చోకు తీసివేసి, ఆక్సిలరేటరును పూర్తిగ తెరచి, కొన్ని సెకండ్లు త్రిప్పినచో అదనపు పెట్రోలు బయటకు పోవును. ఇంజను అందుకొనగనే చేయి వదలవలెను.

మూడవ సాక్షి గాలి. గాలి వడపోతను విప్పి చూడవలెను. మన పల్లెలలో మూలనున్న బండి వడపోత పెట్టె ఎలుకకు మంచి కాపురము. గుడ్డపీలికలు, వడ్లపొట్టు నిండియుండుట అరుదు గాదు. అటులనే పొగగొట్టము కొసను కూడ చూడవలెను. కందిరీగ మట్టితో గూడు కట్టి దానిని మూసియుండవచ్చును. పొగ బయటకు పోనిదే క్రొత్త గాలి లోపలికి రాదు. ముక్కు మూసినను నోరు మూసినను ఊపిరాడనట్లే ఇదియు.

నాలుగవ సాక్షి ఒత్తిడి. మన పెద్దలు ఎక్కువగ మోసపోవు స్థలము ఇదియే గనుక కొంచెము వివరించి చెప్పెదను. మా జ్ఞాతి యొకరికి జామతోట గలదు. కాయల బుట్టలను దారి వరకు లాగుటకు 110 సి.సి. బండిని కొనిరి. కొన్ని నెలలుగా అది రోజు రోజునకు కష్టముగ అందుకొనుచు, తుదకు అందుకొనుటయే మానినది. పెట్రోలు బాగున్నది, రవ్వ బాగున్నది, గాలి బాగున్నది. చూడవచ్చిన మెకానిక్కు ఒత్తిడి కొలుచు గేజి పెట్టి, ఒత్తిడి చాల తక్కువగ నున్నదని నిజమే చెప్పెను. ఆ నిజమునుండి అతడు తీసిన తీర్పు మాత్రము పిస్టను, సిలిండరు, ఇంజను పైభాగము అన్నియు మార్చవలెనని. ఆ ఖర్చు ఆ యేటి కాయల లాభములో పెద్ద పాలు. ఇంటి పెద్ద ఆయన నన్ను పిలిపించి, ఇచ్చెదనా మానెదనా యని యడిగిరి.

ఒత్తిడి రెండు దారుల పోవును. పిస్టను చుట్టునుండు రింగులు అరిగి క్రిందికి పోవును. లేదా గాలి తలుపులవంటి వాల్వులు సరిగ మూయక పైకి పోవును. ఎటు పోవుచున్నదో తెలిసికొనుటకు పాత యుపాయ మొకటి గలదు. ప్లగ్గు రంధ్రమున చిన్న చెంచాడు ఇంజను నూనె పోసి, మరల ఒత్తిడి కొలువవలెను. నూనె రింగుల సందును కొంతసేపు మూయును. ఒత్తిడి బాగుగ పెరిగినచో లోపము రింగులది. పెరుగకున్నచో లోపము ప్రధానముగ వాల్వులది. ఆ పరీక్ష చేయుమని నేను కోరితిని. మెకానిక్కు చేసెను. ఒత్తిడి పెరుగలేదు. అప్పుడు వాల్వు సందును కొలువుమంటిమి. అట్టి చిన్న యింజనులలో చాలవానికి ఆ సందు 0.05 మిల్లీమీటరు మాత్రమే. సన్నని రేకుల ఫీలరు గేజితో, ఇంజను పూర్తిగ చల్లారిన తరువాత, పిస్టను ఒత్తిడి చివర పైన నున్నపుడు దానిని కొలుతురు. ఆ రేకు సందులో దూరనే లేదు. వాడగ వాడగ వాల్వు తన పీటలోనికి అరిగి దిగి, పై సందు మూసికొనిపోయి, తలుపు ఎల్లప్పుడు కొంచెము తెరచియుండెను. మర త్రిప్పి సందు సరిచేసిరి. ఒత్తిడి వచ్చెను. రెండవ నొక్కునకే ఇంజను అందుకొనెను. క్రొత్త సామాను ఒక్కటియు కొనలేదు.

ప్రతి యింజనుకు ఇట్లే జరుగునని నేను చెప్పను. వాల్వు పీట మాడియున్నచోను, రింగులు నిజముగ అరిగియున్నచోను ఖర్చు తప్పదు. ఒత్తిడి ఎంత యుండవలెనో ఆ బండి పుస్తకమును చూచియే నిర్ణయింపవలెను. కొలుచునపుడు ఆక్సిలరేటరు పూర్తిగ తెరచియుండవలెను. లేనిచో మంచి యింజను కూడ తక్కువ చూపును. మెకానిక్కును అవమానించుట నా యుద్దేశము గాదు. అతడు చెప్పిన తీర్పునకు సాక్ష్యమేమని మర్యాదగ నడుగుట పెద్దల విధి. ‘బాబూ, నూనె పోసి చూచితివా? వాల్వు సందు కొలిచితివా?’ అను రెండు ప్రశ్నలు మంచి పనివానికి కోపము తెప్పింపవు, తొందరపడువానిని నిదానింపజేయును.

ఇక కొన్ని యింజనులు అందుకొని, కొంతసేపు నడచి ఆగిపోవును. కాసేపటికి మరల కదలును. అట్టి దానికి ట్యాంకు మూతను ముందు చూడవలెను. పెట్రోలు తరిగినకొలది లోపలికి గాలి పోవుటకు మూతలో సన్నని రంధ్రముండును. అది మట్టితో పూడినచో పెట్రోలు క్రిందికి దిగదు. తలక్రిందులు చేసిన సన్న మూతి సీసా నుండి నీరు దిగనట్లే. ఇంజను ఆగినపుడు మూత వదులుచేసి, లోపలికి గాలి పీల్చిన చప్పుడు విని, మరల స్టార్టు చేసి చూచినచో సంగతి తేలును. చోకు వేసినంతసేపు నడచి, తీయగనే ఆగునట్టి ఇంజనుకు చిన్న జెట్టు పూడియుండును, లేదా కార్బురేటరు అతుకునొద్ద దొంగగాలి జొరబడుచుండును.

క్రొత్త బండ్లలో కొన్నిటికి కార్బురేటరు లేదు. పెట్రోలును విద్యుత్ పంపు చిమ్మును. అట్టి వానిలో కీ త్రిప్పగనే రెండు సెకండ్లపాటు పంపు గుయ్యిమను శబ్దము వినబడవలెను. వినబడనిచో ఫ్యూజును, బ్యాటరీని ముందు చూడవలెను. సాక్షులు మాత్రము అప్పుడును ఆ నలుగురే.

ఇంజను అందుకొనిన పిమ్మట పెద్దల పని ముగియలేదు. పైన చెప్పిన 1988 నాటి యొడంబడికయందే 90 సి.సి. మించిన బండిని 16 ఏండ్లు నిండని పిల్లలకు ఈయరాదని సూచింపబడినది. ఒకరికి చేసిన బండిపై ఇద్దరు ఎక్కరాదు. తలకు హెల్మెటు లేక నడుపరాదు. రిజిస్ట్రేషను లేని బండిని రోడ్డుమీదికి తీయుట చట్టవిరుద్ధము. స్టార్టు అగుటలేదని ఎవడైన బ్రేకు స్విచ్చిని గాని, త్రాటి బిరడాను గాని తీగతో కలిపివేసియున్నచో, బండి బాగైన దినముననే వానిని తిరిగి యథాస్థితికి తెప్పింపవలెను. నేడు మన యవసరమునకు తీసివేసిన కట్టుదిట్టము రేపు మన మనుమని కాలిపై పడును.

మొరాయించిన తరువాత విచారించుటకంటె మొరాయించకుండ చూచుకొనుట తేలిక. నెలకు మించి మూలబెట్టదలచినచో కుళాయి మూసి, గిన్నెలోని పెట్రోలు నయిపోవు వరకు ఇంజనును ఆరుబయట నడిపి ఆపవలెను. బ్యాటరీని నెలకొకసారి ఛార్జి చేయించవలెను. పొగగొట్టము కొసకు గుడ్డ చుట్టి, దానిని తీయవలెనని జ్ఞాపకమునకు హ్యాండిలునకు ఒక చీటి కట్టవలెను. ఒక చిన్న నోటుపుస్తకమున, ఏ తేదీన ఏ లోపము వచ్చినది, ఏమి చూచితిమి, ఏమి మార్చితిమి, ఎంత యిచ్చితిమి అని వ్రాసియుంచవలెను. చదువు వచ్చిన పెద్దలకు ఇది కష్టము గాదు. ఆ పుస్తకము రెండవమారు వచ్చిన చిక్కును సగము తీర్చును.

క్రమమును మరల యొక్కసారి చెప్పి ముగించెదను. ముందు స్విచ్చి, త్రాడు, బ్రేకు, న్యూట్రలు. పిమ్మట ఫ్యూజు, బ్యాటరీ. ఇంజను తిరుగుచున్నచో పెట్రోలు, ప్లగ్గు, రవ్వ, గాలి. అన్నిటికి చివరనే ఒత్తిడి. ఖర్చు లేనిది ముందు, ఖర్చుగలది వెనుక. ఒకసారికి ఒక్కటే మార్చి చూడవలెను. రెండు మార్చినచో ఏది లోపమో ఎన్నటికిని తెలియదు. యంత్రమునకు కోపము లేదు, మొండితనము లేదు. అడుగవలసినట్లు అడిగినచో అది అబద్ధము చెప్పదు. మనుష్యుల తగవులు తీర్చి అలసిన పెద్దలకు ఇది కొంత ఊరట కలిగించు సంగతియే యని తలచుచు, సెలవు గైకొనుచున్నాను.